స్కాన్ చూసే మానిటర్ మనం చేసుకోలేమా, మంత్రి గారూ?

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుని. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దావిడకి బోన్ స్కాన్ చేశాం. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం ఇంజెక్షన్ ఇచ్చి, మూడు గంటలు ఆగి, ఒంట్లోంచి వచ్చే గామా కిరణాల్ని పట్టే గామా కెమెరా కింద పడుకోబెట్టాం. నా టేబుల్ మీది మామూలు ఆఫీసు మానిటర్‌లో పక్కటెముకలన్నీ ఒకేలా కనిపించాయి. లోపలి గదిలో మెడికల్ మానిటర్ మీద అదే స్కాన్ చూస్తున్న డాక్టరు గారు పిలిచారు. "ఎడమవైపు ఏడో ఎముక చూడమ్మా." నిజమే, పలచగా ఒక మచ్చ. మళ్లీ నా టేబుల్ దగ్గరికొచ్చి వెతికాను, కనపడలేదు. స్కాన్ అదే, ఫైలూ అదే. ఆ రోజు ఆ గది మానిటర్ పనిచేయకపోయి ఉంటే ఏమయ్యేదోనన్న టెన్షన్ నాకు ఇప్పటికీ పోలేదు.

మా చిత్రాలు ఎక్స్‌రే అంత స్పష్టంగా ఉండవు. గుండె స్కాన్ అయితే చాలాసార్లు అడ్డం 64 గళ్లు, నిలువు 64 గళ్లు, అంతే. ఒక్కో గడిలో ఎన్ని గామా కిరణాలు నమోదయ్యాయో ఆ అంకె ఉంటుంది. ఏ అంకెకి ఎంత వెలుగు చూపాలో చెప్పే పట్టిక మంచి మెడికల్ మానిటర్‌లోనే, లోపలి బోర్డులో ఉంటుంది. దానికి కొలత, వైద్య చిత్రాలకి అంతర్జాతీయంగా వాడే డైకామ్ ప్రమాణం 14వ భాగంలో ఉంది. వాడగా వాడగా తెర వెనకుండే బ్యాక్‌లైట్ మసకబారుతుంది. అప్పుడు వెలుగుని సెన్సర్‌తో కొలిచి పట్టికని సరిచేయాలి. మామూలు మానిటర్‌కి ఈ ఏర్పాటు ఉండదు. మా దగ్గరున్న మెడికల్ మానిటర్ విదేశీది. బోర్డు పోయినప్పుడు వారాల తరబడి ఎదురుచూశాం.

2021 డిసెంబరులో సెమీకండక్టర్లు, డిస్‌ప్లేల తయారీకి 76,000 కోట్ల రూపాయల కార్యక్రమాన్ని కేంద్రం ఆమోదించింది. ప్యానెల్, అంటే మానిటర్ తెర, చేసే ఫ్యాక్టరీ పెద్ద పని, టైం పడుతుంది. నేను అడిగేది అంతకంటే చిన్నది. ప్యానెల్ కొనుక్కుందాం. బోర్డు, దాని సాఫ్ట్‌వేర్, సెన్సర్ అమరిక మనం చేద్దాం. 1967లో శాస్త్రవేత్త ఏ.ఎస్.రావు గారు మొదలుపెట్టిన ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) హైదరాబాద్‌లోనే ఉంది. టీడీసీ-12 కంప్యూటర్లు, ఈసీ టీవీలు చేసిన సంస్థ అది. అణుశక్తి శాఖ కిందది కాబట్టి ఆ శాఖతో మీరే మాట్లాడాలి. అలాగే, ప్రభుత్వాసుపత్రులకి గామా కెమెరా కొనే ప్రతి టెండర్‌లో మానిటర్‌నీ, ఏటా దాని వెలుగు పరీక్షనీ చేర్చమని ఆరోగ్య శాఖకి చెప్పండి.

మొదటి నమూనా తయారైన రోజు నాకు కబురు పెట్టండి. మావాళ్ల అనుమతి తీసుకుని, పేర్లు తీసేసిన పాత స్కాన్లు పట్టుకొస్తాను. ఆ ఏడో ఎముకతోనే మొదలుపెడదాం.

ఇట్లు,
ఒక న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు,
హైదరాబాద్