కారు కొనే ముందు, నాన్నా

ట్రోండ్‌హైమ్,
ఫిబ్రవరి

నాన్నా,

మీరు పంపిన వీడియో చూశాను. షికాగోలో మంచులో వరసగా ఆగిపోయిన ఎలక్ట్రిక్ కార్లు, కింద "కొన్నవాళ్ళ గతి ఇంతే" అని ఎవరో తగిలించిన మాట. షోరూమ్‌కి వెళ్ళి ఎలక్ట్రిక్ బండి చూసొచ్చారట, అడ్వాన్స్ ఇద్దామనుకునేలోపు ఆ వీడియో వచ్చిందట, అప్పట్నుంచి మళ్ళీ పాత స్విఫ్ట్‌నే తుడుచుకుంటున్నారట. అమ్మ చెప్పింది. ఫోన్లో చెప్దామంటే సగం మీకు వినపడదు, మిగతా సగం మధ్యలో అమ్మ ఫోన్ లాక్కుంటుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఆ వీడియో అబద్ధం కాదు. 2024 జనవరిలో నిజంగానే జరిగింది. చలి మైనస్ 18 కంటే కిందికి పోయింది, కొన్ని చార్జర్లు పని చెయ్యలేదు, పనిచేసే వాటి దగ్గర పెద్ద క్యూ. చలికి బాగా చల్లబడ్డ బ్యాటరీతో వచ్చిన బండికి అరగంటలో ఎక్కాల్సిన చార్జ్ ఎక్కడానికి గంటలు పట్టింది. వెనకాల నిలబడ్డవాళ్ళకి క్యూలోనే బ్యాటరీ ఖాళీ అయిపోయింది. ఇంటి దగ్గర ప్లగ్గు లేక బయటి చార్జర్ల మీదే బతికేవాళ్ళు ఎక్కువ దెబ్బతిన్నారు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మన అపార్ట్‌మెంట్ దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ చెప్తాను.

అదే జనవరిలో నేనుండే నార్వేలో ఉత్తరాన కౌతొకైనో అనే ఊళ్ళో మైనస్ 43.5 నమోదైంది. అదే 2024లో నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం పూర్తి ఎలక్ట్రిక్ కార్లే. చలికి పనికిరావంటే ఈ జనం ఇన్ని కొనరు. వీళ్ళంతా పర్యావరణం మీద ప్రేమతో కొన్నారని కూడా అనుకోకండి. 1990 నుంచే వీటి మీద కొనుగోలు పన్ను తీసేశారు, 2001 నుంచి 2022 దాకా వ్యాట్ కూడా లేదు. 2023 నుంచి ఒక ధర దాటిన బండ్ల మీద కొంత వేస్తున్నారనుకోండి. ఇక్కడ పెట్రోల్ కారు మీద పన్ను చూస్తే మీకు కళ్ళు తిరుగుతాయి. కరెంటేమో దాదాపు అంతా జలవిద్యుత్తే. లెక్కలు చూసుకునే కొన్నారు, మీరు చూసుకున్నట్టే.

చలికి రేంజ్, అంటే ఒకసారి నింపితే బండి పోయే దూరం, తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. జీవితమంతా ప్లాంటులో కరెంటు పనే చేసిన మీకు ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే కరెంటుకి బ్యాటరీ లోపల ఎదురయ్యే అడ్డు గురించి నేను విప్పి చెప్పక్కర్లేదు. డిసెంబర్ పొద్దున్న మన బాత్రూమ్‌లో కొబ్బరినూనె సీసా ఎలా ఉంటుందో, చలికి బ్యాటరీ లోపలి ద్రవం కూడా అలాగే చిక్కబడుతుంది. అందులో కరెంటుని మోసే అయాన్లు కదలడానికి మొరాయిస్తాయి. సున్నా కంటే కింద గట్టిగా చార్జ్ చేస్తే లిథియం లోపలికి ఇంకకుండా పైనే లోహంలా పేరుకుంటుంది. బ్యాటరీకి అది శాశ్వత నష్టం. అందుకే బండిలో ఉన్న కంప్యూటరే చార్జింగ్ వేగాన్ని తగ్గించేస్తుంది. షికాగోలో జనం "చార్జర్ పనిచెయ్యట్లేదు" అని తిట్టుకున్నదాంట్లో కొంత ఇదే. దారి చూపించే మ్యాప్‌లో చార్జింగ్ స్టేషన్‌ని గమ్యంగా పెడితే, ఇప్పటి బండ్లు చాలావరకు అక్కడికి చేరేలోపే బ్యాటరీని వెచ్చబెట్టుకుంటాయి. ఇక్కడ అందరికీ అది అలవాటైపోయింది.

రేంజ్ తినేసే రెండో దొంగ హీటర్. పెట్రోల్ ఇంజిన్ తాగిన పెట్రోల్లో దాదాపు మూడింట రెండొంతులు వేడిగా వృథా అవుతుంది, ఆ వృథా వేడే మనకి చలికాలంలో ఫ్రీగా దొరుకుతుంది. ఎలక్ట్రిక్ మోటారు అంత దుబారా చెయ్యదు కాబట్టి వెచ్చదనానికి బ్యాటరీలోంచే తియ్యాలి. బయట మైనస్ 12, లోపల 20 అంటే 32 డిగ్రీల తేడా. వైజాగ్‌లో మే నెలలో బయట 36, లోపల 25 పెట్టుకున్నా తేడా 11 డిగ్రీలే. ఏసీ వేస్తే బ్యాటరీ అయిపోతుందని మీ వాకింగ్ ఫ్రెండ్స్ బెదిరిస్తున్నారట కదా, ఈ లెక్క వాళ్ళకి చెప్పండి.

ఇక్కడి ఆటోమొబైల్ సంఘం వాళ్ళు 2020లో ఇరవై మోడళ్ళు తీసుకుని చలికాలంలో ఆగిపోయేదాకా నడిపారు. కంపెనీ చెప్పిన దానికంటే సగటున 18.5 శాతం తగ్గింది. అది మరీ గడ్డుచలి కాదు, సున్నాకి కాస్త అటూ ఇటూ. మా బండికి 75 యూనిట్ల బ్యాటరీ. వేసవిలో నిశ్చింతగా 400 కిలోమీటర్లు పోతుంది, గట్టి చలిలో 300 వస్తే సంతోషం. పక్క వీధిలో కొట్టుకి వెళ్ళి రావడంలాంటి చిన్న తిరుగుళ్ళలో ఇంకా దారుణం. ప్రతిసారీ చల్లబడ్డ బండిని మొదట్నుంచి వెచ్చబెట్టాలి. పెట్రోల్ బండ్లూ చలికి మైలేజీ పోగొట్టుకుంటాయి, కానీ వాటి మీద ఎవరూ వీడియోలు చెయ్యరు. కెనడాలో ఎడ్మంటన్ వైపు పెట్రోల్ కార్లని కూడా రాత్రి ప్లగ్గుకి తగిలిస్తారు, ఇంజిన్ గడ్డకట్టకుండా.

మంచులో రోడ్డు మూసుకుపోయి రాత్రంతా ఇరుక్కుంటే? అమ్మ భయం ఇదే కదా. లోపలి వెచ్చదనం నిలబెట్టడానికి గంటకి ఒకటిన్నర, రెండు యూనిట్లు చాలు. సగం బ్యాటరీ ఉంటే తెల్లారేదాకా గడుస్తుంది. పైగా పొగ గొట్టం మంచులో పూడుకుపోయి విషవాయువు లోపలికి రావడమనే భయం లేదు.

ఇక్కడ్నుంచి ఓస్లో 500 కిలోమీటర్లు, అంటే మీకు వైజాగ్ నుంచి ఏలూరు దాటి ఒంగోలు దాకా అనుకోండి. మధ్యలో డోవ్రె కొండలు, రోడ్డు వెయ్యి మీటర్ల పైకి ఎక్కుతుంది, గాలి బండిని పక్కకి నెడుతుంది. వేసవిలో ఒక్కసారి ఆగితే చాలు, చలికాలంలో రెండుసార్లు. ఎలాగూ పిల్లాడు ఆగమంటాడు, మీ అల్లుడికి కాఫీ కావాలి. ఆ ఆగడం నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టింది ఈస్టర్ సెలవులు. ఓస్లో జనమంతా ఒకే రోజు కొండమీది ఇళ్ళకి బయల్దేరతారు. డోంబోస్ అనే ఊళ్ళో ఎనిమిది చార్జర్లుంటే రెండు చచ్చి ఉన్నాయి, ముందు ఆరేడు బండ్లు, వెనకాల పిల్లాడి ఏడుపు. ఆ చార్జింగ్ కంపెనీకి ఫోన్ చేస్తే "మీ సహనానికి ధన్యవాదాలు" అని రికార్డెడ్ గొంతు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి జనం బయల్దేరిన రోజు టోల్‌గేట్ల దగ్గర ఎలా ఉంటుందో తలుచుకోండి, అందులో ప్రతి బండీ అరగంట ఆగాల్సిందే అనుకోండి. నా అనుభవంలో దూరప్రయాణాన్ని చెడగొట్టేది చెడిపోయిన చార్జరు, పండగ రద్దీ. చలిని ముందే లెక్కేసుకోవచ్చు, వీటిని లెక్కెయ్యలేం.

ఇప్పుడు మీ సంగతి.

వైజాగ్ వాతావరణం బ్యాటరీకి చాలావరకు హాయిగానే ఉంటుంది. మన దగ్గర అమ్మే చాలా బండ్లలో ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ. చలికి అది కాస్త బలహీనం, వేడికీ రోజూ నింపడానికీ మాత్రం బాగా తట్టుకుంటుంది. నార్వేలో దాని గురించి గొణుగుతారు, మీకు అదే మంచిది. మీరు సరదాగా లంబసింగి వెళ్ళి తెల్లవారుజామున మంచులో నిలబడ్డా, ఆ చలి మాకు ఇక్కడ వసంతకాలం. కాస్త రేంజ్ తగ్గుతుంది, అంతే.

షోరూమ్ వాడు చెప్పిన 45 యూనిట్ల మోడలే అనుకుని లెక్క వేశాను. కరపత్రం మీద ఉన్న కిలోమీటర్లు పక్కన పెట్టండి, అది పరీక్షశాలలో నెమ్మదిగా నడిపి తీసిన అంకె. హైవే మీద ఏసీతో 250 నుంచి 270 అనుకోండి. స్పీడు మీ చేతిలో ఉంది: 80 నుంచి 100కి పెంచితే గాలి అడ్డుకునే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. తమ్ముడికి తాళాలిచ్చే ముందు ఇది చెప్పండి.

శ్రీకాకుళం, మన ఊరు, అన్నవరం, ఇవన్నీ ఇంట్లో నింపుకుని వెళ్ళి వచ్చేవే. అన్నవరం దాకా 120, రానూపోనూ 240, కాబట్టి కొండ కింద ఎక్కడైనా కాసేపు తగిలిస్తే టెన్షన్ ఉండదు. అమ్మకి వ్రతమయ్యేసరికి ఎలాగూ మూడు గంటలు.

అరకు గురించి మీరు ప్రత్యేకంగా అడిగారట, ఘాట్ రోడ్డెక్కితే బ్యాటరీ ఖాళీ అయిపోతుందేమోనని. మనుషులతో కలిపి బండి రెండు టన్నులనుకుందాం. తొమ్మిదివందల మీటర్లు పైకి ఎత్తడానికి కావల్సిన శక్తి సుమారు 5 యూనిట్లు, మోటారులో పోయేది కలిపితే ఆరు. 115 కిలోమీటర్ల మామూలు నడకకి పదహారు. మొత్తం 22. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా తిరిగి, ఎక్కడానికి పెట్టినదాంట్లో మూడు, మూడున్నర యూనిట్లు వెనక్కిస్తుంది. అనంతగిరి మలుపుల్లో బ్రేకు మీద కాలు పెట్టే అవసరమే చాలా తక్కువ, స్విఫ్ట్‌లో వచ్చే ఆ కాలిన వాసన ఉండదు. రానూపోనూ 35 యూనిట్ల దగ్గర తేలుతుంది. మిగిలిన పదిలో బొర్రా గుహలకి పక్కదారి పట్టొచ్చు కానీ, అదనంగా ఇంకే ఊరూ పెట్టుకోకండి. రాత్రి అక్కడే ఉంటే హోటల్లో మామూలు పవర్ ప్లగ్గు ఇస్తారేమో ముందే అడగండి.

విజయవాడ అత్త ఇంటికి 350. రాజమండ్రిలో భోజనానికి ఆగి నింపుకుంటే సరిపోతుంది. అయితే మన హైవే మీద చాలా చోట్ల 30 కిలోవాట్ల (గంటకి 30 యూనిట్లిచ్చే) చార్జర్లే ఉంటాయి, పది శాతం నుంచి ఎనభైకి గంట పైనే పడుతుంది. ఎనభై దాటాక చుక్కచుక్కగా ఎక్కుతుంది, వంద దాకా కూర్చోవద్దు. మ్యాప్‌లో పచ్చ చుక్క ఉంది కదా అని నమ్మి ఖాళీగా చేరొద్దు. బయల్దేరే ముందు అక్కడికి ఫోన్ చెయ్యండి, దాని తరవాత వచ్చే ఇంకో చార్జర్‌కి చేరేంత కరెంటు ఉంచుకోండి. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క యాప్, ఒక్కొక్క వాలెట్. అవి ఇంట్లో వైఫై దగ్గరే పెట్టుకోండి, తుని దాటాక ఓటీపీ కోసం ఫోన్ గాల్లోకి ఎత్తి నిలబడొద్దు. హైదరాబాద్‌కి మాత్రం కారు మాటెత్తకండి. 620 కిలోమీటర్లు, రెండు మూడు చోట్ల ఆగాలి, మీ నడుము సంగతి మీకు తెలుసు. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉండగా ఆ కష్టం ఎందుకు.

తుఫాను వస్తే ఏమిటి గతి అని బాబాయి అడిగాడట. మంచి ప్రశ్నే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తరవాత రోజుల తరబడి కరెంటు లేదు, నిజమే. పెట్రోల్ బంకుల దగ్గర క్యాన్లు పట్టుకుని నిలబడ్డ క్యూలు కూడా ఆయన మర్చిపోయి ఉండడు. హెచ్చరిక రాగానే బండి వందకి నింపేసి, నీళ్ళు చేరని ఎత్తైన చోట పెట్టండి. కొన్ని మోడళ్ళలో బండిలోంచే ప్లగ్గు తీసుకుని ఇంట్లో వస్తువులు నడపొచ్చు. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, ఫోన్లు, ఇవి నాలుగైదు రోజులు లాగుతాయి. మీరు చూసిన బండిలో ఆ సౌకర్యం ఉందో లేదో అడగండి. నేనైతే సన్‌రూఫ్ వదిలేసి అది తీసుకుంటాను.

అసలు చిక్కు మన సెల్లార్‌లో ఉంది. ఇంటి దగ్గర ప్లగ్గు లేకపోతే ఈ బండి కొనకండి, ఖరాఖండిగా చెప్తున్నాను. బీచ్ రోడ్డు దగ్గర చార్జర్ ఉంది కదా అంటే, షికాగోలో క్యూలో నిలబడ్డవాళ్ళ పరిస్థితే మీకూ వస్తుంది. మన ఫ్లాట్ మీటరు నుంచే పార్కింగ్ దాకా విడిగా వైరు లాగించండి. కామన్ మీటరు జోలికి వెళ్తే ప్రతి నెలా గొడవే. మామూలు 15 ఆంపుల ప్లగ్గులో రాత్రిపూట పది గంటల సేపు తగిలిస్తే దాదాపు 30 యూనిట్లు ఎక్కుతాయి, ఊళ్ళో తిరగడానికి వారం సరిపోతుంది. దానికి విడి ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే ఆపేసే స్విచ్), లీకేజ్ ట్రిప్ (కరెంటు లీకైతే ఆపేసేది), మంచి ఎర్తింగ్ ఉండాలి. సముద్రపు గాలికి మన బిల్డింగ్‌లో ఎర్త్ రాడ్ ఏ స్థితిలో ఉందో మీరే కొలిచి చూడండి, ఎలక్ట్రీషియన్ మాట మీద వదిలెయ్యకండి. శాంక్షన్ లోడ్ (మన మీటరుకి అనుమతించిన లోడ్) పెంచాలేమో కరెంటు సరఫరా చేసే ఈపీడీసీఎల్ ఆఫీసులో కనుక్కోండి.

సెక్రటరీగారు "మంటలు అంటుకుంటాయి" అంటారు. వైరు మందం, ట్రిప్ రేటింగ్ కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి, మీరు చెప్తే కాదనలేరు. ఒప్పుకుంటే సంతకం పెట్టించుకోండి, నోటిమాట వద్దు. అడ్వాన్స్ ఆ కాగితం చేతికొచ్చాకే.

స్విఫ్ట్ అమ్మే మాట తమ్ముడి దగ్గర ఇప్పుడే ఎత్తకండి, రెండూ తనకే కావాలంటాడు. అమ్మకి ఆవకాయ జాడీ జాగ్రత్తగా చేరిందని చెప్పండి, మూత మాత్రం ఈసారి కూడా కారింది.

మీ అమ్మాయి