పద్మినికి ర్యాక్ స్టీరింగ్ పెట్టాలనుకునేవాళ్లకి

అందరికీ నమస్కారం. నిన్న ముగ్గురు ఇదే అడిగారు, అందుకే గ్రూపులో రాస్తున్నాను. అంబాసిడర్ వాళ్లు వదిలేయొచ్చు, మీ బండికి పుట్టుకతోనే ర్యాక్ అండ్ పినియన్ (స్టీరింగ్ తిప్పితే చిన్న పళ్లచక్రం ఒక పళ్ల కడ్డీని పక్కకి జరిపే ఏర్పాటు) ఉంది. గొడవంతా స్టీరింగ్ బాక్సు (లోపల గేర్లున్న పెట్టె) ఉన్న మా ప్రీమియర్ పద్మినీలదే.

నా బండి స్టీరింగ్ రెండు వేళ్ల మేర ఊరికే తిరిగి, ఆ తర్వాతే చక్రాన్ని కదిపేది. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కితే అరచేతులు చెమటలే. అందుకే పాత మారుతి 800 ర్యాక్ ఒకటి తెచ్చేశాను. విజయనగరంలో మా మెకానిక్ బాబాయి బండి కింద పడుకుని చూసి ఒకటే అడిగారు: "స్టీరింగ్ ఆర్మ్‌లు ఇరుసుకి ముందున్నాయా, వెనకా?" ఆర్మ్‌లంటే చక్రాలని పక్కకి తిప్పే చిన్న చేతులు. వెనక ఆర్మ్‌ల కోసం చేసిన ర్యాక్‌ని ముందు ఆర్మ్‌లకి తగిలిస్తే, కుడికి తిప్పితే బండి ఎడమకి పోతుంది!

అది కుదిరినా ర్యాక్ పొడవు, ఎత్తు కుదరాలి. టై రాడ్ (ర్యాక్‌ని చక్రం ఆర్మ్‌కి కలిపే కడ్డీ) లోపలి కీలు, సస్పెన్షన్ ఆర్మ్ (చక్రంతో పాటు పైకీ కిందకీ ఊగే చేయి) కీలుతో వరసలో లేకపోతే, గుంత తగిలిన ప్రతిసారీ చక్రం తనంతట తనే పక్కకి తిరుగుతుంది. పైగా నా బండికి గేరు రాడ్ కూడా స్టీరింగ్ కాలమ్ మీదే ఉంది, దాన్నెక్కడ పెడతాం? వెల్డింగ్‌కి ముందు ఆర్టీవో ఆఫీసులో అడగడం మర్చిపోకండి.

చివరికి ర్యాక్ మానేసి, పాత స్టీరింగ్‌కే టై రాడ్ ఎండ్‌లు (కడ్డీ చివరి కీళ్లు), ఐడ్లర్ బుష్ (బాక్సుకి అవతలి పక్క కడ్డీలని మోసే చేయికి ఉండే బుష్) మార్చి, స్టీరింగ్ బాక్సులో ఆయిల్ పోసి, దాని సర్దుబాటు స్క్రూ కొంచెం బిగించాం. స్టీరింగ్ ఊరికే తిరిగే ఆట సగానికి పైగా తగ్గింది. మరీ బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ వెనక్కి రాదు, జాగ్రత్త.

ర్యాక్ ఇంకా మా అరుగు మీదే ఉంది. కావలసినవాళ్లు పట్టుకెళ్లండి.