ఈ శనివారం బ్యాగ్ లేని రోజు

టీచర్లందరికీ నమస్కారం.

ఈ శనివారం 6, 7, 8 తరగతుల పిల్లలు బ్యాగ్ తేనక్కర్లేదు. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో చెప్పేయండి. నీళ్ల సీసా మాత్రం మరవొద్దు.

ఇది ఆటవిడుపు అనుకోకండి. జాతీయ విద్యా విధానం 2020లోనే ఉంది: 6-8 తరగతుల మధ్య పిల్లలు 10 రోజులు బ్యాగ్ లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని.

ఉదయం 9.30కి మన ఊరి వడ్రంగి, కుమ్మరి వస్తారు. లెక్కల మేడం, చెక్క కొలతలు పిల్లలతోనే తీయించండి. తప్పు కొలిచినా వెంటనే దిద్దొద్దు, ముక్క అతకనప్పుడు వాళ్లకే తెలుస్తుంది. తెలుగు సార్, ఉలి, బాడిస, చిత్రిక, సారె... పనిముట్ల పేర్లు పిల్లలే అడిగి రాసుకోవాలి.

మధ్యాహ్నం మనమూ పిల్లల వరుసలోనే కూర్చుని తిందాం. ఈ తరగతులకు తలకు 150 గ్రాముల బియ్యం కదా, ఆ రోజు ఎంత పోయాలో పిల్లలు లెక్కగట్టి వంట అక్కలకు చెప్తారు. తప్పయితే అక్కలే పట్టేస్తారు!

రికార్డులు రాయక్కర్లేదు. ఫోటోలూ వద్దు (ఆ గోలలో పిల్లల్ని చూడటం మానేస్తున్నాం).

ఎవరు ఏ గుంపును చూస్తారో గురువారం లోపు ఇక్కడే రాయండి. సెలవు కావాలంటే నాకు విడిగా చెప్పండి, మొహమాటం వద్దు, సర్దుకుందాం.

ఇంకో మాట: ఉలి దగ్గర ఒక్కసారికి ఐదుగురే. పీఈటీ సార్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ముందే వరండాలో పెట్టించండి.

- హెచ్.ఎం.