సంత మైదానంలో ఎండ వేడిని కొలిపించండి: పురపాలక అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక అధికారి గారికి నమస్కారములు.

విజయనగరం జిల్లాలోని మా పట్టణపు సంత మైదానంలో వేడి గురించి వర్తకులు ఇచ్చిన అర్జీలకు రాతపూర్వకంగా జవాబు రాలేదు గనుక, ఈ సంగతి పదిమందికీ తెలియాలని బహిరంగంగా రాస్తున్నాను.

చెట్లు తీసేసి, సిమెంటు పలకలు పరిచి, రేకుల కప్పు వేసిన తరువాత అక్కడ కూరగాయలు అమ్మే ఆడవారు గోంగూర కట్టల మీద ఒక తడి గోనెపట్టా, తమ కింద మరొకటి వేసుకుని కూర్చుంటున్నారు. మధ్యాహ్నం కాకముందే రెండూ ఎండిపోతాయి. తల తిరుగుతుంటే మిగిలిన సరుకును అయినకాడికి ఇచ్చేసి ఇళ్లకు పోతున్నారు. ఉష్ణోగ్రత మామూలుగానే ఉందన్న మీ సిబ్బంది మాట అబద్ధం కాదు, కానీ అది నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచిన గాలి వేడి మాత్రమే. ఒంటికి తగిలేది సూర్యుడి నుంచి నేరుగా వచ్చేదీ, కాలిన పలకలూ రేకులూ వెదజల్లేదీ కలిసిన వికిరణ వేడి. దానిని కొలవడానికి నల్లరంగు పూసిన, సుమారు 15 సెంటీమీటర్ల వ్యాసం గల రాగి గోళం మధ్యలో థర్మామీటరు ఉంచి, ఆ రీడింగుకు గాలి వేడినీ గాలి వేగాన్నీ జోడించి లెక్క కడతారు. ఎండలో పనిచేసేవారి కోసం వాడే డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్) అనే వేడి సూచికలో తడి బల్బుకు, అంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు రీడింగుకు 70, గోళానికి 20, గాలి వేడికి 10 శాతం వాటా ఉంటుంది. చెమట ఆరనివ్వని మన ఉక్కపోతకు తగిన కొలత ఇది. పలకల బిల్లు ముందు ఈ పరికరం ఖరీదు లెక్కలోకే రాదు.

కాబట్టి రేకుల కింద, పలకల మీద, గట్టున మిగిలిన రావిచెట్టు కింద ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు వేళ ఈ కొలతలు తీయించి నోటీసు బోర్డులో పెట్టాలనీ, అవి వచ్చేదాకా మిగతా మైదానానికి పలకల టెండరు పిలవవద్దనీ కోరుతున్నాను. దయచేసి లిఖితపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
సంత వీధి నివాసి