ఆ పిల్లి బంతికి కుట్టు వద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మిగిలిన ఊలుతో పిల్లికి బంతి, వంటింట్లోకి మసిబట్ట ఎట్లా అల్లుకోవాలో వేశారు. చేతిపనికి పేజీ ఇచ్చినందుకు చాలా సంతోషపడ్డాను. చదువుతూ పోతుంటే మాత్రం గుండెదడ పట్టుకుంది. బంతిని రెండు చిప్పలుగా అల్లి కలిపి కుట్టమన్నారు, కళ్లకు గుండీలు పెట్టమన్నారు, తోకకు జానెడు దారం వదలమన్నారు. దయచేసి ఈ మూడూ వద్దు.

అట్లాంటి బంతినే నిరుడు సంక్రాంతి సెలవుల్లో మా మనవరాలు చేసింది. నాలుగో రోజుకే కుట్టు విడిపోయి దారం బయటికొచ్చింది, మా పిల్లి మింగేసింది. పిల్లి నాలుక మీది సన్నటి ముళ్లన్నీ గొంతు వైపుకే తిరిగి ఉంటాయి. వాటికి చిక్కిన దారాన్ని అది ఉమ్మేయలేదు, మింగుతూనే పోతుంది. రెండు రోజులు కక్కింది, పాలు కూడా ముట్టలేదు. నోరు తెరిచి చూస్తే నాలుక కింద దారం కొస కనబడింది. లాగబోయాను. "అమ్మా, లాగకండి, పేగు కోసుకుపోతుంది" అని పశువుల డాక్టరు గారు ఫోన్లోనే ఆపారు. ఆపరేషన్ చేసి చూస్తే, బొందు బిగించిన లంగాలాగా పేగంతా కుచ్చులు కుచ్చులుగా ముడుచుకుని ఉందట. అదృష్టం, బతికింది.

నేను పుట్టింది గద్వాలలో, మగ్గాల ఇంట్లో. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ ఎవరూ సూదితో కుట్టరు. చీర ఒంట్లో అడ్డంగా నడిచే పోగు (పేక), అంచులో నడిచే పేక మగ్గం మీదే ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరుగుతాయి. చిన్నప్పుడు అంచు పక్కన కూర్చుని ఆ మెలిక వేసేదాన్ని. నల్లగొండ జిల్లాలో క్రాఫ్ట్ టీచరుగా చేసిన ముప్పై ఏళ్లూ పిల్లలకు అల్లిక కూడా అట్లాగే, కుట్టు లేకుండా నేర్పాను.

దానికి ప్రత్యేకం సూదులేం అక్కర్లేదు, మామూలు రెండు సూదులు చాలు. 24 లూపులు ఎక్కించండి, ఎన్నయినా సరిసంఖ్య కావాలి. మొదటి లూపు సీదా అల్లండి. దారం ముందుకు తెచ్చుకుని రెండోదాన్ని అల్లకుండానే అవతలి సూదికి జార్చండి, దారం మళ్లీ వెనక్కి. వరస చివరిదాకా ఇంతే, తిప్పుకుని మళ్లీ ఇంతే. ఈ వరసలో జారినవి పై వరసలో అల్లుకుంటాయి. రెండు వరసలకు ఒక చుట్టు వస్తుంది. చాలినంత ఎత్తు వచ్చాక సూది తీసి వేళ్లతో మెల్లగా విడదీస్తే అడుగు మూసుకున్న చిన్న సంచి నోరు తెరుస్తుంది. అది మొదటిసారి చూసినప్పుడు మా స్కూలు పిల్లలు తరగతి లేచిపోయేట్టు కేకలేసేవాళ్లు.

అందులో దూది కూరి, లూపులన్నిట్లోంచి దారాన్ని రెండుసార్లు పోనిచ్చి గట్టిగా బిగించండి. కొసను బంతి కడుపులోంచి నాలుగు దిక్కులా తిప్పి కత్తిరించండి. బయట వెంట్రుకంత దారం కూడా కనబడకూడదు. కళ్లు కావాలంటే రంగు నూలుతో అల్లికలోనే తేవచ్చు. ఎక్కడన్నా చిరిగితే ఆ రోజే పారేయాలి.

దూది కూరకుండా మూసేస్తే అదే రెండు పొరల మసిబట్ట. దానికి ఊలు వాడమన్నారు, ఇది రెండో తప్పు. ఫ్యాన్సీ షాపుల్లో ఊలని అమ్మేది చాలావరకు యాక్రిలిక్. పొయ్యి మీది గంజు సెగకు కరిగి చేతికి అంటుకుంటుంది. అనుమానముంటే ఒక పోగు వెలిగించి చూడండి. నూలయితే కాగితంలా కాలి బూడిదవుతుంది, యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. చుట్టూ పత్తి చేలున్న జిల్లాలో వంటింట్లోకి యాక్రిలిక్ ఎందుకు? నూలుదైనా తడిగా ఉంటే సెగ సర్రున చేతికెక్కుతుంది, పొడిదే వాడాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఎండాకాలం నీళ్లకుండ కింద పెట్టే కుదురు. గొట్టంలా అల్లి, దూది కూరి, రెండు కొసల లూపులు ఎదురెదురుగా పెట్టుకోవాలి. అల్లిక నడిచిన దారిలోనే మొద్దుసూదితో దారం నడిపిస్తే, చుట్ట ఎక్కడ మొదలైందో అల్లిన నాకే దొరకదు.

వచ్చే ఆదివారం అదే చోట సవరణ వేయండి. కావాలంటే బొమ్మలు గీసి, కొలతలు రాసి పంపిస్తాను. అంతకన్నా ముందు, మీరు చెప్పినట్టు బంతి కుట్టి పిల్లి ముందు వేసినవాళ్లు ఎవరన్నా ఉంటే ఇవాళే తీసేయమని నాలుగు మాటలు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ క్రాఫ్ట్ టీచరు,
రామగిరి, నల్లగొండ