కాజీపేట దాటాక చదువుకో

చిన్నీ,

ఈ ఉత్తరం సకినాల డబ్బాతో పాటు నీ చేతికిస్తాను. కాజీపేటలో రైలు ఆగేది కాసేపే. ఆ కాసేపట్లో డబ్బా అందించాలి, నువ్వు స్వెటర్ వేసుకున్నావో లేదో చూడాలి, నీ ముఖం చూడాలి. మాటలకు టైం ఎక్కడిది? ఫోన్లో చెబుదామంటే అమ్మ పక్కనే ఉంటుంది. అమ్మ పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. రైలు కదిలి, నీ సీట్లో నువ్వు కుదురుకున్నాక తీరిగ్గా చదువు.

ముందు డబ్బా సంగతి. సంక్రాంతికి ఇంకా మూడు వారాలుంది కదా అంటే అమ్మ వినలేదు. పక్కింటి అత్తమ్మను పిలుచుకుని రెండు రోజులు కూర్చుంది. వరసకీ వరసకీ మధ్య కాగితం వేసి పేర్చింది. దాన్ని సీటు కిందకి నెట్టకు, పైన ఏ బ్యాగూ పెట్టకు. రాత్రి తల దగ్గర పెట్టుకుని పడుకో. పైన ఉన్న మూడు చుట్లవి నీకు, దారిలో తినడానికి. అడుగున ఉన్న నాలుగు చుట్లవి అన్నయ్యకి. వాటికి నువ్వులు ఎక్కువ వేసింది. తొక్కు సీసాకి రెండు కవర్లు కట్టాను, అయినా నిలబెట్టే ఉంచు.

నీకు చలిగాలి పడదు. ఏడో తరగతిలో నిమ్ము చేసి పదిరోజులు మంచం దిగలేదు, నీకు గుర్తుండదేమో, నాకుంది. ఢిల్లీ చలి మన చలి కాదు. మంకీ క్యాప్ పెట్టుకుంటే ఎవరూ నవ్వరు, అక్కడ అందరూ పెట్టుకుంటారు. పొగమంచుకి రైలు లేటవుతుంది, ఝాన్సీ దాటాక ఎక్కడ ఆగినా టెన్షన్ పడకు. నీళ్ల సీసా కొనేటప్పుడు సీలు చూసుకో. మెట్రోలో ముందున్న మొదటి బోగీ ఆడవాళ్లది, అన్నయ్య పక్కన లేనప్పుడు అందులోనే ఎక్కు. ఎర్రకోటకి సోమవారం సెలవు, తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు, ప్లాన్ వేసేటప్పుడు ఇవి చూసుకోండి. పురానా ఖిలాలో షేర్ మండల్ అని ఎనిమిది మూలల చిన్న కట్టడం ఉంటుంది. హుమాయూన్ పాదుషా అక్కడ పుస్తకాలు పెట్టుకునేవాడు. 1556 జనవరిలో ఆ మెట్ల మీదే జారిపడి, ఆ దెబ్బతోనే పోయాడు. ఫోన్ చూసుకుంటూ మెట్లు దిగే అలవాటు నీకుంది. అక్కడే కాదు, ఎక్కడా వద్దు.

స్టేషన్‌కి అన్నయ్య వస్తాడుగా. అక్కడినుంచి గుర్‌గావ్ గదికి వెళ్లాలంటే ఎల్లో లైనే, నేరుగా చివరిదాకా, మారాల్సిన పని లేదు. ఒకవేళ రాజీవ్ చౌక్‌లో దిగి బ్లూ లైన్‌కి మారితే, మారామని నాకు ఒక్క మెసేజ్ పెట్టు. ఊరికే. దారి తెలుసుకుందామని.

రాత్రి ఇటార్సీ దాటాక నర్మద బ్రిడ్జి వస్తుంది. చీకట్లో ఏమీ కనబడదు, చప్పుడు మారుతుంది అంతే. మెలకువగా ఉంటే కిటికీలోంచి ఒకసారి దణ్ణం పెట్టుకో. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీ తీసుకుపోతుంటే, ఆయన ఆ నర్మద ఒడ్డునే ప్రాణం విడిచాడు. క్లాసులో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేసేది. అదే యుద్ధంలో పట్టుబడ్డ ఇంకో మనవాడు ఢిల్లీ చేరాడు. గన్నమ నాయకుడంటారు. అక్కడ మతం మారి మాలిక్ మక్బూల్ అయ్యాడు. ఓరుగల్లుకే అధికారిగా తిరిగొచ్చాడు గానీ నిలవలేకపోయాడు, 1336లో కాపయ నాయకుడు కోట గెలవడంతో మళ్లీ ఢిల్లీకే వెళ్లిపోయాడు. ఫిరోజ్ షా తుగ్లక్ దగ్గర వజీరయ్యాడు. ఖాన్-ఎ-జహాన్ తిలంగానీ. పేరులోనే తెలంగాణ ఉంది చూడు. ఆయన సమాధి నిజాముద్దీన్ బస్తీలో, ఇళ్ల మధ్య ఇరుక్కుపోయి ఉంటుంది. ఎనిమిది మూలల సమాధి. ఎర్రకోట చూడకపోయినా ఫర్వాలేదు గానీ అది చూసి రా. కొడుకు కూడా తండ్రి తర్వాత వజీరయ్యాడు, ఖిర్కీ మసీదు ఆ కొడుకు కట్టించిందే. అన్నయ్యని తీసుకుపో. నేను చెప్పానని చెప్పకు, నువ్వే చూడాలనుకున్నట్టు చెప్పు. నేనంటే రాడేమో.

ఇంటి నుంచి అంత దూరం పోయినవాడు ఎవరి దగ్గర తిన్నాడో, ఏ భాషలో నిద్రపోయాడో అని ఆ తిలంగానీ గురించి ఈమధ్య ఎక్కువగా అనిపిస్తోంది.

సరే, చెప్పేస్తాను. మన మెడికల్ షాపు వాళ్లబ్బాయి పోయిన నెల ఢిల్లీ వెళ్లొచ్చాడు. మందులకు వెళ్తే, “అన్నను చూశాను సార్, ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో” అన్నాడు. మంగళవారం, మధ్యాహ్నం పన్నెండింటికి, భుజాన బ్యాగు, చేతిలో జిరాక్స్ కట్ట. పలకరిస్తే, పని ఉండి వచ్చానని తొందరగా వెళ్లిపోయాడట. ఆఫీసున్న రోజు గుర్‌గావ్‌లో ఉండాల్సినవాడికి రాజేంద్ర నగర్‌లో ఏం పని? అది సివిల్స్ కోచింగ్ పిల్లలుండే చోటని మనందరికీ తెలుసు. అమ్మకి నేను చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఉద్యోగం వదిలాడా అన్నది కూడా పక్కన పెట్టు. నాకు ఆ రోజు నుంచీ ఒకటే గుబులు. 2024 జూలైలో అక్కడే ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వాననీళ్లు వచ్చి ముగ్గురు పిల్లలు పోయారు. సెల్లార్‌లో లైబ్రరీ, అందులో చదువుకుంటూ పోయారు. టీవీలో ఆ మెట్లు, ఆ నీళ్లు చూశాం కదా మనం. వీడు ఎక్కడ కూర్చుని చదువుతున్నాడో, ఎక్కడ పడుకుంటున్నాడో. వాడి గదికి కిటికీ ఉందా చూడు. అంతే చూడు. మెట్లు కిందికి దిగాలా పైకెక్కాలా, అది చూడు. బయటికి రెండో దారి ఉందేమో చూడు. నిన్ను అడగమనడం లేదు, కళ్లతో చూసి రమ్మంటున్నా.

ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఒకసారి నేను చూసి కూడా చూడలేదు.

1988. నేను హన్మకొండలో డిగ్రీ రెండో సంవత్సరం. మీ పెదనాన్న ఢిల్లీలో ఒక ప్రైవేటు కంపెనీలో టైపిస్టు. నెలకో ఇన్‌లాండ్ లెటర్ వచ్చేది. తాతయ్య దాన్ని మూడుసార్లు చదివించుకుని గూట్లో పెట్టేవారు. ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఒక నెల, రెండు నెలలు, నాలుగు నెలలు. తాతయ్య పైకి ఏమీ అనలేదు. ఒకరోజు పొలం నుంచి వచ్చి, “నీకు సెలవులే కదా, ఢిల్లీ చూసిరారాదూ” అన్నారు. అంతే అన్నారు. ఎర్రకోట, కుతుబ్‌మినార్ చూసిరమ్మని. ఇదే రైలు, అప్పుడు ఏపీ ఎక్స్‌ప్రెస్ అనేవాళ్లం. నానమ్మ ఇదే స్టీలు డబ్బాలో సకినాలు కట్టింది.

పెదనాన్న స్టేషన్‌కి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల. నాకు ఎంత సంతోషమో. ఆ రోజంతా తిప్పాడు. కుతుబ్ దగ్గర ఇనుప స్తంభం ఉంటుంది, పదహారు వందల ఏళ్లది, ఇనుములో భాస్వరం ఎక్కువుండి తుప్పు పట్టకుండా నిలిచింది. ఇప్పుడు కంచె వేశారు, 1997లో. అప్పట్లో దానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి పెట్టి కలిపితే అదృష్టమనేవాళ్లు. నా చేతులు అందలేదు. పెదనాన్న చేతులు అందాయి. ఒకదాన్నొకటి పట్టుకుని అలాగే కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. వెనక జనం అరుస్తున్నా కదల్లేదు.

మధ్యాహ్నం హోటల్లో ఒక ప్లేటు రాజ్మా అన్నం చెప్పాడు. నీకో అంటే, శనివారం కదరా, ఉపవాసం అన్నాడు. మర్నాడు కూడా ఒకటే ప్లేటు. ఇవాళ ఆదివారం కదా అంటే కడుపు బాగాలేదన్నాడు. నేను తిన్నాను చిన్నీ. మొత్తం తిన్నాను, ఇంకో రెండు రొట్టెలు కూడా చెప్పించుకున్నాను.

ఆ సాయంత్రం తుగ్లకాబాద్ కోట గోడ మీద కూర్చున్నాం. ఎదురుగా గియాసుద్దీన్ తుగ్లక్ సమాధి. ఓరుగల్లు మీదికి కొడుకుని పంపిన ఆ గియాసుద్దీన్, 1325లో బెంగాల్ నుంచి తిరిగొస్తుంటే ఆ కొడుకే స్వాగతానికి కట్టించిన చెక్క మండపం మీద కూలి పోయాడని పెదనాన్నకి చెబుతున్నాను. చరిత్ర నాకు అప్పుడే పిచ్చి. పెదనాన్న వింటూ బూటు విప్పి దులిపాడు. అడుగున రూపాయి బిళ్లంత చిల్లి. ఆ చిల్లికి అడ్డంగా లోపల ఒక నీలం కాగితం మడత పెట్టి ఉంది. ఇన్‌లాండ్ లెటర్. మీద మన అడ్రసు రాసి ఉంది, లోపల ఖాళీ. ఇదేంటన్నా అన్నాను. రాళ్లు గుచ్చుకుంటున్నాయిరా అని మళ్లీ లోపల పెట్టుకుని బూటు తొడుక్కున్నాడు. నేను గియాసుద్దీన్ కథ మళ్లీ ఎత్తుకున్నాను.

ఇంటికొచ్చి తాతయ్యకి బాగున్నాడని చెప్పాను. మనిషి తెల్లబడ్డాడు, చొక్కా ఇస్త్రీ అని కూడా చెప్పాను. రెండేళ్ల తర్వాత జనగామ అత్త పెళ్లిలో పెదనాన్నే చెప్పాడు. కంపెనీ మూతపడి అప్పటికి ఐదు నెలలట. ఒక స్నేహితుడి వరండాలో పడుకునేవాడట. నాకు ఊరు చూపించడానికి ఆ స్నేహితుడి దగ్గరే అప్పు చేశాడట. తాతయ్య పోయేదాకా నేను ఆ సంగతి ఆయనకు చెప్పలేకపోయాను. ఆయన నన్ను పంపింది కుతుబ్‌మినార్ కోసం కాదని నాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

కాబట్టి అన్నయ్య ఆకలిగా లేదంటే నమ్మకు. ఎక్కడ తిన్నా రెండు ప్లేట్లు చెప్పు, డబ్బులు నువ్వివ్వు. నీ అకౌంట్లో వేశాను, నా దగ్గరవని చెప్పకు. అశోకా రోడ్‌లో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి ఒక పూటైనా తీసుకుపో, వాడికి పప్పు, నెయ్యి కడుపునిండా పడాలి. వాడి చెప్పులు చూడు. కళ్లద్దాల ఫ్రేము సరిగ్గా ఉందా చూడు, డిగ్రీలో విరిగితే ఆరు నెలలు దారం కట్టుకుని తిరిగాడు, నాకు చెప్పలేదు. అడిగితే సిగ్గుపడతాడు. ప్రశ్నలు వెయ్యకు. నీ చదువు గురించి, హాస్టల్ గురించి మాట్లాడుతూ ఉండు, వాడే చెబుతాడు. నీ దగ్గర వాడు ఎప్పుడూ దాచడు.

దసరాకి నేనన్న మాట నువ్వు విన్నావు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నావు, నేను చూశాను. ఆ మాట మళ్లీ రాయలేను. మర్నాడు వాడు బస్సెక్కేటప్పుడు నేను వరండాలోనే ఉన్నాను, పేపరు తీయలేదు ముఖం మీంచి. అప్పటినుంచి వాడు ఆదివారం అమ్మకి ఫోన్ చేస్తాడు, తిన్నావా అంటే తిన్నా అంటాడు, అయిపోతుంది. నేను పక్కనే కూర్చుంటాను. నాన్నకివ్వనా అని అమ్మ అడుగుతుంది. మళ్లీ చేస్తా అంటాడు.

సివిల్స్ రాస్తే రాయనీ. ఉద్యోగం వదిలితే వదలనీ. ఆ వయసులో అయిపోయిందనుకున్నవి ఎన్నో మళ్లీ మొదలవుతాయి, పెదనాన్న ఇప్పుడు ఎలా ఉన్నాడో చూస్తున్నాంగా. నాకు ముందే చెప్పలేదన్నదే నా బాధ, ఇంకేమీ లేదు. అదీ ఇప్పుడు తగ్గింది. నేను చెప్పనిచ్చేలా ఉన్నానా అని ఆలోచిస్తున్నాను. ఇది వాడికి చెప్పాలో వద్దో నీకే వదిలేస్తున్నా. ఈ ఉత్తరం వాడు చూస్తే చూడనీ, నువ్వుగా ఇవ్వకు.

ఇంకొకటి. ఇందాక డబ్బా మూత సరిగ్గా పడక తీసి చూస్తే, అడుగు కాగితం కింద అమ్మ ఒక కవరు పెట్టింది. పైన అన్నయ్య పేరు. లెక్కపెట్టలేదు, చీటీల డబ్బే అయ్యుంటుంది. నేను దాస్తున్నాననుకున్నది ఆమెకి నాకంటే ముందే తెలిసినట్టుంది. ఎలా ఉందో అలాగే పెట్టేశాను. సకినాలు తీసేటప్పుడు నువ్వు తీయకు, డబ్బా వాడి చేతికే ఇవ్వు.

నీ రిటర్న్ టికెట్‌తో పాటు వాడికి కూడా ఒక బెర్త్ బుక్ చేశాను. ఎస్సెమ్మెస్ నీకు వస్తుంది, చూసి కంగారు పడకు. పండగకి రమ్మని గట్టిగా అడగొద్దు. టికెట్ ఉందని మాత్రం చెప్పు. చదువు పాడవుతుందంటే పుస్తకాలు తెచ్చుకోమను, పై గది ఖాళీయే, టేబుల్ ఫ్యాన్ తీసి హీటర్ పెట్టిస్తా, నేను కిందే ఉంటాను, పైకి రాను. రానంటే క్యాన్సిల్ చేసుకుందాం, పోయేది కొంచెం డబ్బే. నీది మిడిల్ బెర్త్, వాడిది అప్పర్. వాడి కాళ్లు పొడుగు, దారిలోకి వస్తాయి, దుప్పటి సరిగ్గా కప్పుకోమను. కాజీపేటలో ఏ టైమైనా నేను ప్లాట్‌ఫాం మీదే ఉంటాను.

నాన్న