మార్కర్ దొరికితే జన్యువు దొరికినట్టేనా?

సంపాదకుడికి,

టమాటాలో తెగులును తట్టుకునే 'జన్యువును కనుగొన్నారు' అని పత్రికల్లో తరచూ చూస్తున్నాం. చాలాసార్లు తెలిసింది జన్యువు కాదు, జన్యుపటంలో అది ఉండే చోటు. ఆ వార్త చదివి విత్తనం కొనేవారికి ఈ తేడా చిన్నది కాదు.

తట్టుకునే అడవి టమాటాను సాగురకంతో సంకరం చేసి, ఆ సంకరం రెండో తరమైన ఎఫ్2 మొక్కలకు తెగులు అంటిస్తారు. నిరోధకతకు కారణం ఒకే బహిర్గత జన్యువైతే, అంటే ఒక్క ప్రతి ఉన్నా పనిచేసేదైతే, ముప్పాతిక మొక్కలు నిలుస్తాయి, పావువంతు లొంగుతాయి. నిరోధకతతో పాటే వచ్చే డీఎన్ఏ గుర్తును, అంటే మార్కర్‌ను వెతుకుతారు. నూరు బీజకణాల్లో ఒకదానిలో ఆ రెండూ విడిపోతే వాటి మధ్య దూరం, జన్యుపటం కొలతలో, సుమారు 1 సెంటీమోర్గాన్. టమాటాలో అది సగటున 7.5 లక్షల డీఎన్ఏ జతలు. అందులో పదుల జన్యువులు ఇమిడిపోతాయి.

పటం చెడేది ఎక్కువగా తెగులు పరీక్ష దగ్గరే. తెగులు సోకక తప్పించుకున్న మొక్కను 'నిరోధకం' అని రాసుకుంటే, లెక్కలో అది మార్కర్‌ నుంచి విడిపోయిన మొక్క అవుతుంది, దాంతో జన్యువు మార్కర్‌కు అసలు ఉన్నదానికంటే దూరంగా కనబడుతుంది. వేరుబుడిపె నులిపురుగులను ఆపే మి-1 అనే జన్యువు దగ్గర తప్పు అటునుంచి వస్తుంది. నేల వేడి 28 డిగ్రీల సెల్సియస్ దాటితే అది పనిచేయదు, జన్యువున్న మొక్కకూ బుడిపెలు వస్తాయి. అందుకే ఒక్కో ఎఫ్2 మొక్క గింజలతో కనీసం 16 ఎఫ్3 (తరవాతి తరం) మొలకలను మళ్లీ పరీక్షించాలి. నిరోధకంగా కనబడిన మొక్కలో జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి లొంగే రకమైతే, 16లో ఒక్కటైనా లొంగి బయటపడే అవకాశం 99 శాతం. ఖర్చు పేరుతో ఎగ్గొట్టేదీ ఈ పనినే.

ఈ మి-1 జన్యువుకు పక్కనే ఏపీఎస్-1 అనే ఎంజైమ్ గుర్తు ఉందని 1974లోనే తెలిసింది. తరవాత ఆ గుర్తు లేకుండానే నిరోధకత ఉన్న రకాలు బయటపడ్డాయి. గుర్తును మాత్రమే నమ్ముకున్నవారు మంచి మొక్కల్ని పారేసి ఉంటారు. అసలు జన్యువు చేతికందింది 1998లో.

5వ క్రోమోజోమ్ మీది ప్టో సంగతి వేరు. బాక్టీరియా మచ్చతెగులును ఆపే ఆ జన్యువును 1993లో లొంగే మొక్కలో పెట్టి, అది నిలవడం చూపించారు. కనుగొన్నామనడానికి రుజువంటే అది. అదే చోట, ప్టోను అంటిపెట్టుకుని వచ్చే మరో లక్షణం ఉంది: ఫెంథియాన్ మందు కొడితే ఆకులపై మచ్చలు పడతాయి. అది ఫెన్ అనే పొరుగు జన్యువు పని అని 1994లో తేలింది. చోటు ఒకటైనా జన్యువులు వేరు.

కాబట్టి మీ విలేకరులు మూడు అడగాలి: ఎన్ని మొక్కలు చూశారు, మార్కర్‌కు దూరం ఎన్ని సెంటీమోర్గాన్లు, లొంగే మొక్కలో పెట్టి చూశారా? విత్తన ప్యాకెట్ మీద 'నిరోధక జన్యువు ఉంది' అని అచ్చువేసేవారు దాన్ని మార్కర్‌తో తేల్చారో, తెగులు అంటించి చూశారో, చూస్తే ఏ వేడిలోనో కూడా అక్కడే రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు